హెవీ మెటల్ అభిమానులు కొత్త పాటను ఎలా కనిపెడతారు: చేతులు మారిన క్యాసెట్ నుంచి చేతిలోని ఫోన్ దాకా

బెంగళూరులోని మా తెలుగు సంఘానికి వచ్చే పెద్దలు కొంతకాలంగా ఒకే ప్రశ్న వేస్తున్నారు. "మా మనవడు ఎప్పుడూ నల్ల టీషర్టే వేస్తాడు. దాని మీద ముళ్ళకంపలాంటి అక్షరాలు. ఏమిట్రా అంటే నా బ్యాండ్ తాతయ్యా అంటాడు. ఆ పాటలు రేడియోలో రావు, టీవీలో రావు, పేపర్లో రావు. మరి వీడికి ఎవరు చెబుతున్నారు?"

ప్రశ్న సబబుగానే ఉంది. మేము ఆ సంగీతం వింటూ పెరిగినవాళ్ళం కాము. ఉద్యోగకాలమంతా ఇన్‌వర్డ్, అవుట్‌వర్డ్ రిజిస్టర్లు రాసి రిటైరైనవాళ్ళం. అయినా సంఘానికి వచ్చే కుర్రవాళ్ళను అడిగి, దొరికినంత చదివి చూస్తే, ఇది మనలాంటి వాళ్ళు తెలుసుకోదగ్గ విషయమే అనిపించింది. సొంత రాష్ట్రానికి దూరంగా, చుట్టూ వేరే భాష నడుమ, మన పాటను మనమే మోసుకుంటూ బతుకుతున్న కుటుంబాలు మనవి. హెవీ మెటల్ అభిమానులు కూడా తమ పాటను అలాగే మోసుకొచ్చారు.

అసలు ఈ సంగీతం ఎక్కడ పుట్టింది

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ కార్ఖానాల ఊరు. టోనీ అయోమీ అనే కుర్రవాడు అక్కడ రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పదిహేడేళ్ళ వయసులో యంత్రంలో పడి కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం. గిటారు తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేతి వేళ్ళతోనే. ప్లాస్టిక్ కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, తరువాత తీగలు వదులు చేసి వాయించాడు. అతను ఉన్న బ్లాక్ సబ్బాత్ బృందం మొదటి రికార్డు 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. హెవీ మెటల్ అక్కడి నుంచే మొదలైందని చాలామంది లెక్క. ఆ బృందం గాయకుడు ఆజీ ఆస్బోర్న్ 2025 జూలై 5న అదే ఊళ్ళో చివరి కచేరీ చేసి, ఆ నెల 22న కన్నుమూశారు.

రికార్డులు అమ్ముడైనా, 1970ల చివరికి వచ్చేసరికి పత్రికలు ఈ సంగీతాన్ని పాతచింతకాయ పచ్చడిగా చూశాయి. పంక్ అనే కొత్త ఫ్యాషన్ వచ్చింది. రేడియోలో మెటల్‌కు దక్కిన సమయం బహు తక్కువ. దాంతో వినేవాళ్ళు తమ దారి తామే వేసుకోవలసి వచ్చింది.

శ్రోతల చీటీలే పట్టిక

లండన్ వాయవ్య భాగంలో కింగ్స్‌బరీ అనే పేటలో సౌండ్‌హౌస్ అనే చోటు ఉండేది. అక్కడ నీల్ కే అనే ఆయన మెటల్ రికార్డులు వేసేవాడు. వచ్చినవాళ్ళు తమకు కావలసిన పాట అడిగేవారు. ఏ పాటను ఎక్కువమంది అడిగారో లెక్కగట్టి ఆయన ఒక పట్టిక తయారుచేస్తే, సౌండ్స్ అనే వారపత్రిక దాన్ని అచ్చువేసింది. ఆ హాలుకు ఎన్నడూ రాని దూరపు ఊళ్ళవాళ్ళు కూడా ఆ పట్టిక చూసి రికార్డుల పేర్లు రాసుకునేవారు.

ఐరన్ మెయిడెన్ అనే బృందం అప్పటికి ఎవరికీ తెలియదు. 1978 డిసెంబరు చివర్లో చేసుకున్న చిన్న రికార్డింగును నీల్ కే చేతిలో పెట్టారు. ఆయన వేశాడు, జనం మళ్ళీ మళ్ళీ అడిగారు. 1979 నవంబరులో ఆ పాటలనే "సౌండ్‌హౌస్ టేప్స్" పేరుతో 5,000 ప్రతులు వేసి పోస్టు ద్వారా అమ్మారు. ఆ బృందం ఇప్పటికీ దేశదేశాల్లో కచేరీలు చేస్తోంది.

అదే 1979 మే నెలలో సౌండ్స్ పత్రిక ఈ కొత్త బృందాలన్నిటికీ కలిపి "బ్రిటిష్ హెవీ మెటల్ కొత్త కెరటం" అని పేరు పెట్టింది. బీబీసీ రేడియో వన్‌లో 1978 నుంచి టామీ వాన్స్ శుక్రవారం రాత్రి రాక్ కార్యక్రమం నడిపారు. వారమంతటికీ అదే ఆధారం కాబట్టి కుర్రవాళ్ళు క్యాసెట్ పెట్టుకుని సిద్ధంగా కూర్చునేవారు. 1981 జూన్‌లో సౌండ్స్‌కు అనుబంధంగా కెరాంగ్ పత్రిక మొదలైంది. గిటారు తీగ గట్టిగా మీటితే వచ్చే చప్పుడే దానికి పేరు.

సముద్రం దాటిన టేపు

డెన్మార్క్ నుంచి అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌కు మారిన కుటుంబంలోని కుర్రవాడు లార్స్ ఉల్‌రిక్. సౌండ్స్ పత్రికలో ప్రకటన చూసి డైమండ్ హెడ్ అనే ఇంగ్లీషు బృందం రికార్డును పోస్టులో తెప్పించుకున్నాడు. 1981లో ఆ బృందాన్ని వెతుక్కుంటూ ఇంగ్లండు వెళ్ళి వాళ్ళ ఇంట్లోనే కొన్నాళ్ళు ఉన్నాడు. తిరిగి వచ్చి మెటాలికా బృందం కట్టాడు.

ఆ ఊళ్ళోనే రికార్డుల షాపులో పనిచేసే బ్రయన్ స్లాగెల్ ఒక ఫ్యాన్‌జీన్ నడిపేవాడు. ఫ్యాన్‌జీన్ అంటే అభిమానులే టైపు కొట్టి, జెరాక్స్ తీసి, పిన్ను కొట్టి పంచుకునే చిన్న పత్రిక. అతను 1982లో స్థానిక బృందాల పాటలు ఒక్కొక్కటి సేకరించి "మెటల్ మాసకర్" అనే రికార్డు తెచ్చాడు. మెటాలికా పాట మొదటిసారి రికార్డు మీదికి ఎక్కింది అందులోనే.

అదే ఏడాది జూలైలో మెటాలికా ఏడు పాటల డెమో క్యాసెట్ ఒకటి చేసింది. కంపెనీ లేదు, ప్రకటన లేదు. ఒకరు మరొకరికి కాపీ తీసి పోస్టులో పంపారు. అలా దేశం ఆ చివరన ఉన్న న్యూజెర్సీకి ఈ బృందం టేపు చేరింది. అక్కడ జాన్ జాజులా, మార్షా అనే దంపతులకు సంతలో రికార్డుల కొట్టు ఉండేది. విని, ఆ కుర్రవాళ్ళను రప్పించారు. పెద్ద కంపెనీలు ముందుకు రాకపోతే తామే మెగాఫోర్స్ అనే కంపెనీ పెట్టి 1983 జూలైలో మొదటి రికార్డు విడుదల చేశారు. ప్రపంచంలో అతి పెద్ద మెటల్ బృందాలలో ఒకటి అలా సంతకొట్టు నుంచి బయలుదేరింది.

టేపుల మార్పిడి ఎలా సాగేది

మా గుమాస్తా బుద్ధికి బాగా నచ్చిన భాగం ఇది. టేపులు మార్చుకునే ప్రతివాడి దగ్గరా ఒక జాబితా ఉండేది. బృందం పేరు, డెమోనా కచేరీయా, ఏ ఊళ్ళో, ఏ తేదీన, ఎన్ని నిమిషాలు, నాణ్యత ఎలా ఉంది అన్నీ రాసేవారు. ఆ జాబితా కాగితం ఇంకొకడికి పోస్టు చేస్తే, అతను తన జాబితా పంపేవాడు. నీ దగ్గర నుంచి ఇవి, నా దగ్గర నుంచి అవి అని ఒప్పందం. ఇద్దరూ ఖాళీ క్యాసెట్లలో రికార్డు చేసి పంపుకునేవారు. సాధారణంగా డబ్బు చేతులు మారేది కాదు. పాటకు పాటే వెల.

దీనికి కొన్ని కట్టుబాట్లు ఉండేవి. పుచ్చుకుని పంపనివాడి పేరు త్వరలోనే అందరికీ తెలిసేది, తరువాత అతనికి ఎవరూ పంపేవారు కాదు. కాపీకి కాపీ తీసినకొద్దీ గుర్రుమనే చప్పుడు పెరుగుతుంది కాబట్టి ఇది ఎన్నో కాపీ అన్నది నిజాయితీగా చెప్పాలి. కవరులో టేపుతోపాటు ఇతర బృందాల చిన్న ప్రకటన చీటీలు వేయడం ఆనవాయితీ. ఒక కవరు తెరిస్తే పది కొత్త పేర్లు, పది చిరునామాలు. పోస్టు ఖర్చు భరించలేని కుర్రవాళ్ళు బిళ్ళ మీద సబ్బో జిగురో పూసి, ముద్ర కడిగేసి, అదే బిళ్ళ మళ్ళీ వాడేవారట. తప్పు పనే, కానీ ఆ ఆరాటం అలాంటిది.

ఈ గొలుసు అమెరికా, ఇంగ్లండులతో ఆగలేదు. నార్వేలో జాన్ క్రిస్టియన్‌సెన్ 1985 నుంచి స్లేయర్ అనే ఫ్యాన్‌జీన్ నడిపి దూరదేశాల బృందాలతో ఉత్తరాలు నడిపాడు. బ్రెజిల్‌లోని బెలో హొరిజొంటె నగరంలో కొగుమెలో అనే రికార్డుల షాపు తానే కంపెనీగా మారి 1985లో సెపుల్తురా అనే స్థానిక కుర్రవాళ్ళ పాటలు విడుదల చేసింది. ఆ బృందం తరువాత ప్రపంచమంతా తిరిగింది. ఇంగ్లీషు మాతృభాష కాని ఊళ్ళు కూడా ఇలా ఒకదానికొకటి తెలిశాయి.

అట్ట మీద పేర్లు, చొక్కా మీద పేర్లు

కొత్త బృందాన్ని కనిపెట్టడానికి అభిమానులు ఇంకొన్ని ఆనవాళ్ళు పట్టుకునేవారు. ఇవి నేటికీ చెల్లుతున్నాయి.

మొదటిది కృతజ్ఞతల జాబితా. రికార్డు అట్ట లోపల బృందంవాళ్ళు తమ స్నేహితులైన ఇతర బృందాలకు ధన్యవాదాలు చెబుతారు. అభిమాని ఆ చిన్న అక్షరాలు వరసగా చదివి, తెలియని పేర్ల కింద గీత గీసుకుంటాడు.

రెండవది పాత పాటను మళ్ళీ పాడటం. మెటాలికా 1984లో డైమండ్ హెడ్ పాట ఒకటి పాడి విడుదల చేసింది. అది విన్నవాళ్ళు అసలు పాడినవాళ్ళెవరని వెనక్కి వెళ్ళారు. మన పెద్దలు త్యాగరాజ కృతి విని గురుపరంపర ఆరా తీసినట్టే.

మూడవది టీషర్టు. మెటాలికా బాస్ వాద్యకారుడు క్లిఫ్ బర్టన్ మిస్‌ఫిట్స్ అనే బృందం చొక్కా వేసుకుని ఫొటోలు దిగేవాడు. అది చూసి ఎందరో ఆ బృందాన్ని వెతికారు. జీన్స్ కోటుకు గుడ్డ బిళ్ళలు కుట్టించుకోవడం కూడా ఇందుకే. బస్టాపులో ఎదురుపడిన ఇద్దరు అపరిచితులు చొక్కా చూసే మాట కలుపుతారు. కాబట్టి మనవడి టీషర్టు వట్టి వేషం కాదు, విజిటింగ్ కార్డు.

నాలుగవది కంపెనీ పేరు. నచ్చిన రికార్డు ఏ చిన్న కంపెనీ వేసిందో చూసి, అదే కంపెనీ వేసిన మిగతావి కూడా వింటారు.

మన దేశంలో, మన బెంగళూరులో

1980లలో మన బజార్లలో రికార్డింగ్ సెంటర్లు ఉండేవి, పెద్దలకు గుర్తుంటుంది. కాగితం మీద పాటల జాబితా, ఒక ఖాళీ క్యాసెట్ ఇస్తే నాలుగు రోజుల్లో నింపి ఇచ్చేవారు. మనం ఘంటసాల పద్యాలు, లీలగారి పాటలు నింపించుకున్నది అక్కడే. ఇంగ్లీషు పాటల కుర్రవాళ్ళు కూడా అదే బల్ల ముందు నిలబడేవారు. అమెరికా నుంచో గల్ఫ్ నుంచో బంధువు తెచ్చిన ఒక్క క్యాసెట్, కాలేజీ హాస్టలులో గదిగదికీ కాపీ అయ్యేది.

1993లో అలహాబాదు నుంచి రాక్ స్ట్రీట్ జర్నల్ అనే పత్రిక మొదలైంది. అమిత్ సైగల్, షేనా సైగల్ దాన్ని నడిపారు. మన దేశపు రాక్, మెటల్ బృందాల పేర్లు ఊరూరా తెలియడానికి అది పెద్ద ఆధారమైంది. తరువాత గ్రేట్ ఇండియన్ రాక్ పేరుతో కచేరీలు కూడా జరిపారు.

బెంగళూరులో క్రిప్టాస్ అనే మెటల్ బృందం 1998లో ఏర్పడింది. వాళ్ళు 2013లో జర్మనీలోని వాకెన్ ఉత్సవంలో వాయించారు. వాకెన్ సుమారు రెండు వేల జనాభా ఉన్న పల్లె. అక్కడ 1990లో కొన్ని వందల మందితో మొదలైన మెటల్ జాతరకు ఇప్పుడు ఏటా ఎనభై వేల పైచిలుకు జనం వస్తారు.

2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో కచేరీ చేసింది. మన దేశంలో వాళ్ళకు అదే మొదటిది. 2011 అక్టోబరు 30న అదే మైదానంలో మెటాలికా వాయించింది. చాలాకాలం టేపుల్లోనే విన్నవాళ్ళు ఎదురుగా చూసిన రోజులవి. అలాంటి రోజున అభిమాని ఒక పెద్ద సంగతి తెలుసుకుంటాడు: ఇన్నాళ్ళూ తనొక్కడే అనుకున్నాడు, తనలాంటివాళ్ళు వేలమంది ఉన్నారు. ఉగాది కార్యక్రమానికి మొదటిసారి వచ్చిన కుటుంబం ముఖంలో ఆ సంతోషం మేము చూశాం.

ఇంటర్నెట్ వచ్చాక

2000 ఏప్రిల్‌లో ఒక విచిత్రం జరిగింది. నాప్‌స్టర్ అనే సాధనం ద్వారా జనం పాటలు ఉచితంగా మార్చుకుంటున్నారని మెటాలికా కోర్టుకు వెళ్ళింది. మూడు లక్షలకు పైగా వాడకందారుల పేర్లు ఆ కంపెనీకి అందజేసింది. కాపీ టేపుల మీద పైకి వచ్చినవాళ్ళే కాపీలను తప్పుపడతారా అని అభిమానులు నొచ్చుకున్నారు. అయితే రెండింటికీ తేడా ఉంది. చేత్తో టేపు నింపడానికి ఒక సాయంత్రం పట్టేది, పంపినవాడి పేరు తెలిసేది. కొత్తదానిలో అడ్డూ అదుపూ లేదు, పాట చేసినవాడికి పైసా లేదు. ఇందులో ఎవరిది న్యాయమన్నది ఇప్పటికీ వాదనే.

2002లో కెనడాలోని మాంట్రియల్‌కు చెందిన ఇద్దరు అభిమానులు ఎన్‌సైక్లోపీడియా మెటాలమ్ అనే ఇంటర్నెట్ పట్టిక మొదలుపెట్టారు. ఊరు, పుట్టిన సంవత్సరం, సభ్యులు, రికార్డులు, ఎవరు ఏ బృందం నుంచి ఏ బృందానికి వెళ్ళారు అన్నీ ఉంటాయి. అభిమానులే వివరాలు పంపుతారు, నిర్వాహకులు సరిచూసి ఒప్పుకుంటారు. లక్షకు పైగా బృందాలు అందులో నమోదయ్యాయి. ఏ ప్రభుత్వమూ జీతమివ్వకుండా ఇంత పెద్ద రిజిస్టరు నడుస్తోందంటే మాబోటి వాళ్ళం లేచి నిలబడాలి.

2008లో వచ్చిన బ్యాండ్‌క్యాంప్ ద్వారా బృందం దగ్గరే నేరుగా పాట కొనవచ్చు. అదే రికార్డు కొన్న ఇతరుల సేకరణలు కూడా చూడవచ్చు. పాత రోజుల జాబితా కాగితం ఇప్పుడు ఆ రూపంలో ఉందన్నమాట. యూట్యూబ్ సంగతి చెప్పనక్కర్లేదు. ఢిల్లీకి చెందిన బ్లడీవుడ్ బృందం ఢోలు, హిందీ, పంజాబీ మాటలు కలిపిన మెటల్ పాటల వీడియోలతో పేరు తెచ్చుకుని 2019లో వాకెన్ వేదిక ఎక్కింది.

అయినా కుర్రవాళ్ళను అడిగితే అందరూ చెప్పిందొకటే: యంత్రం చూపించిన పాట కంటే తెలిసినవాడు "ఇది విను" అని పంపిన పాటే మనసులో నిలుస్తుంది.

పిల్లల మాటల్లో తరచు వినపడేవి

డెమో: కంపెనీ లేకుండా బృందం సొంతంగా చేసుకున్న నమూనా రికార్డింగు. 
స్ప్లిట్: రెండు మూడు బృందాలు కలిసి పంచుకున్న రికార్డు. ఒకరి కోసం కొంటే రెండోవారు పరిచయమవుతారు. 
లేబుల్: రికార్డు వేసే కంపెనీ. 
థ్రాష్, డెత్, బ్లాక్, డూమ్: మెటల్‌లోని శాఖలు. థ్రాష్ వేగంగా, డూమ్ నిదానంగా సాగుతాయి. డెత్‌లో గొంతు గుర్రుమంటుంది. బ్లాక్‌లో అది కీచుమంటుంది.

ఇంట్లో పెద్దలకు రెండు మాటలు

ఈ పాటల్లో చావు, దెయ్యం, యుద్ధం మాటలు వస్తాయని భయపడేవారున్నారు. ఆ భయం కొత్తది కాదు. 1985లో అమెరికా సెనేట్‌లోనే దీని మీద విచారణ జరిగింది, గాయకులు వెళ్ళి సమాధానం చెప్పుకున్నారు. తిట్టి దాచివేయడం కంటే, ఈ బృందం నీకెలా తెలిసిందిరా అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు పిల్లవాడు అరగంట మాట్లాడతాడు. మేము పరీక్షించి చూశాం.

చెవుల విషయంలో మాత్రం జాగ్రత్త చెప్పక తప్పదు. 85 డెసిబెల్స్ దాటిన చప్పుడును గంటలకొద్దీ వింటే వినికిడి దెబ్బతినే ప్రమాదముంది. కచేరీలలో చప్పుడు అంతకంటే ఎక్కువే ఉంటుంది. మందుల షాపులో దొరికే చెవి బిరడాలు జేబులో పెట్టి పంపండి.

మన బీరువా సంగతి

చివరగా మా సంఘం తప్పు ఒకటి చెప్పుకోవాలి. 1980ల చివర్లో మా పెద్దావిడ ఒకరు పెళ్ళిపాటలు, అప్పగింతల పాటలు, ఊరిని వదిలి వచ్చినవాళ్ళు దారిలో పాడుకున్న పాటలు పాడితే రెండు క్యాసెట్లలో రికార్డు చేశాం. కన్నడం కలిసిన మన తెలుగు యాస అందులో ఉంది. భద్రంగా బీరువాలో పెట్టి తాళం వేశాం. నిరుడు తీసి చూస్తే తేమకు టేపు అతుక్కుపోయి ఉంది. ఒకటి కొంత పలికింది, రెండోది పలకలేదు. ఆవిడ లేరు. రెండో ప్రతి ఎవరి దగ్గరా లేదు, ఎందుకంటే మేము ఎవరికీ ఇవ్వలేదు.

ఆ నల్ల టీషర్టు కుర్రవాళ్ళ పద్ధతి వేరు. వాళ్ళ టేపు ఎప్పుడూ ఒక్కచోట లేదు. విన్న ప్రతివాడూ కాపీ తీశాడు, జాబితాలో రాశాడు, ఇంకొకడికి పంపాడు. తాళం వేసి దాచి ఉంటే మెటాలికా డెమో కూడా ఏ బీరువాలోనో అతుక్కుపోయేది.

పలికిన ఆ ఒక్క క్యాసెట్‌ను కంప్యూటరులోకి ఎక్కించింది సంఘం సభ్యుల మనవడే, ఆ ముళ్ళకంప అక్షరాల టీషర్టువాడే. ఎవరు పాడారు, ఏ ఊరి పాట, ఏ సంవత్సరం, ఎన్ని నిమిషాలు అన్నీ వరసగా రాసి, పద్నాలుగు కుటుంబాలకు ప్రతులు పంపాడు. ఇంకెవరి దగ్గరైనా పాత టేపులుంటే తెమ్మని అడుగుతున్నాడు.

కర్ణాటకలోనే కాదు, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాంలలో ఉన్న మన కుటుంబాలకు మా మనవి ఇదే. అటక మీద ఉన్న క్యాసెట్ ఈ ఆదివారం దించండి. ముందు కాపీ తీయించండి, వివరాలు రాయండి, కనీసం మరో ఇంటికి ఒక ప్రతి ఇవ్వండి. తీయడం చేతకాకపోతే ఇంట్లో నల్ల టీషర్టు వేసుకున్న పిల్లవాడిని పిలవండి. వాడికి వచ్చు.